సంతకం కింద చుక్క

గేటు పక్క గోడకున్న పేరు పలకను డ్రైవరు బుధవారం పొద్దున్నే ఊడదీశాడు. నాలుగు మేకుల్లో మూడు తేలిగ్గానే వచ్చాయి. నాలుగోది తుప్పు పట్టి మొండికేసింది. సుత్తితో రెండు దెబ్బలు వేసేసరికి పలకతో పాటు అరచేతి వెడల్పున సున్నం పెళ్ళ కూడా ఊడి కిందపడింది.

"చూశారా టైపమ్మగారూ, గోడక్కూడా ఆయన్ని వదలాలని లేదు," అన్నాడు చొక్కా మీద దుమ్ము దులుపుకుంటూ.

"పొద్దున్నే ఆ మాటలేమిటయ్యా," అంది ఆమె.

వదలడం, వెళ్ళిపోవడం, ఇదే ఆఖరు అనడం... ఇలాంటి మాట ఎవరి నోట వచ్చినా ఆమెకు గిట్టదు. ఎవరు వెళ్తున్నా గేటు దాకా వెళ్ళి, గొడుగు తీసుకున్నారా, నీళ్ళు తీసుకున్నారా అని రెండేసి సార్లు అడిగి, వాళ్ళు మలుపు తిరిగేదాకా నిలబడితే గానీ లోపలికి రాదు. ఇప్పుడు ఏకంగా ఇల్లే చేయి జారిపోతోంది. ఇంటికి గొడుగిచ్చేదెవరు?

పలక మీద పెద్దాయన పేరు, దాని కింద 'శాసనసభ్యులు' అని ఉంది. ఆయన ఐదుసార్లు గెలిచాడు, ఒకసారి ఓడాడు, రెండుసార్లు మంత్రిగా చేశాడు. ఈసారి ఓడించే శ్రమ జనానికి లేకుండా పార్టీయే టికెట్టు ఆపేసింది. సర్కారు బంగళా పదిరోజుల్లో ఖాళీ చెయ్యమని కాగితం వచ్చింది. అందులో ఆరు రోజులు గడిచిపోయాయి. శనివారం పొద్దున లైబ్రరీ వాళ్ళు వస్తారు. ఆయన కాగితాలన్నీ పట్టుకెళ్ళి, ఒకటీ విడవకుండా చదివి, ఆయన జీవితం మీద పుస్తకం రాయిస్తారట.

ఒకటీ విడవకుండా. ఆ మాట విన్నప్పటి నుంచీ టైపమ్మకు సరిగ్గా నిద్ర లేదు.

ఆఫీసు గదిలో బీరువాలన్నీ తెరిచి ఉన్నాయి. టైపు మిషను మూలన గుడ్డ కప్పుకుని కూర్చుంది. కంప్యూటరు వచ్చి చాలాకాలమైనా ఆ మిషనూ పోలేదు, ఆమెకు దానివల్ల వచ్చిన పేరూ పోలేదు. ఆమె లెటర్‌హెడ్ల కట్టలు ఒక్కొక్కటే దించి బల్ల మీద పేర్చింది. ఆయన బతుకంతా ఆ కట్టల్లోనే ఉంది. మొదటిది పల్చటి కాగితం, సిరా పీల్చేసేది. పైన 'సభ్యులు' అని నీలం అక్షరాలు. తర్వాతది 'ఉపమంత్రి', కాస్త మందం. 'మంత్రి' కట్టకు బంగారు రంగు ముద్ర, కళ్ళు మూసుకున్నా వేలికి తగిలేది. ఓడిపోయిన ఏడాది కొత్త కాగితం అచ్చు వేయించలేదు. 'మంత్రి' ముందు 'మాజీ' అని ఆమె చేత టైపు కొట్టించాడు. "రెండక్షరాలు. చోటు మాత్రం ఎంత తినేస్తుందో చూశావా అమ్మాయ్," అని నవ్వాడు. ఆమెకు అరవై రెండేళ్ళొచ్చినా ఆయనకు అమ్మాయే.

ఆ కట్టల వెనకే ఉన్నాయి అసలు ఫైళ్ళు. సిఫారసు ఉత్తరాల నకళ్ళు. ఉల్లిపొర లాంటి కాగితాల మీద కార్బను నీలం.

ఆ ఇంట్లో అందరికీ తెలిసి ఎవరూ పైకి అనని సంగతి ఒకటుంది. పొద్దున ఆరింటికే వరండా నిండేది. బదిలీ కావాలనేవాళ్ళు, ఆసుపత్రిలో మంచం కావాలనేవాళ్ళు, కొడుక్కి సీటు కావాలనేవాళ్ళు. లేదనే మాట పెద్దాయన నోటికి పుట్టలేదు. అడిగినవాళ్ళందరికీ ఉత్తరం ఇచ్చేవాడు. అయితే నిజంగా జరగాల్సిన పనికి మాత్రం సంతకం తోక కింద ఒక చుక్క పెట్టేవాడు. చుక్క ఉంటే ఆఫీసులో ఫైలు కదిలేది. లేకపోతే ఆఫీసరు ఉత్తరం శ్రద్ధగా చదివి, "అలాగేనండీ, తప్పకుండా చూస్తాం," అని బొత్తి అడుగున పెట్టేవాడు. కొత్త ఆఫీసరు వచ్చినప్పుడల్లా ఈ సంగతి నోటిమాటగా అందేది. చుక్క లేని ఉత్తరం పట్టుకెళ్ళినవాళ్ళకు ఆఫీసుల చుట్టూ తిరగలేక పట్టపగలే చుక్కలు కనిపించేవి. "చుక్క పడితే గానీ బండి కదలదండీ, మా ఇంటి పద్ధతే అంత," అని డ్రైవరు తన మందు చుక్కనూ ఆయన చుక్కనూ కలిపి ఒకే జోకు ఇన్నేళ్ళూ వేశాడు.

ఇంకో సంగతి ఆమె ఒక్కదానికే తెలుసు. ఆ చుక్కల్లో కొన్ని ఆమెవి.

మొదటిది ఇరవై రెండేళ్ళ కిందట పడింది. ఒక ముసలాయన కూతురికి ఆసుపత్రి మంచం కోసం వచ్చి, ఉత్తరం చేతికందగానే పెద్దాయన వెళ్ళిన తలుపు వైపు చూస్తూ ఏడ్చేశాడు. ఆ కాగితానికి చుక్క లేదు. ఆమె చేతిలో పెన్ను ఉంది. తర్వాత చూసుకుంటే చుక్క ఉంది. ఆ రాత్రంతా భయపడింది గానీ పని జరిగింది. ఆ తర్వాత వారానికొకటి పెట్టడం మొదలుపెట్టింది. ఒక్కటైతే ఎవరి కంటా పడదు, రెండైతే దొరికిపోతానని ఆమెకు ఆమె పెట్టుకున్న కట్టడి.

పెద్దాయన కార్బను తియ్యకుండానే సంతకం చేసేవాడు. గట్టిగా నొక్కి రాసే చెయ్యి. ఆయన చుక్క అసలు కాగితం దాటి నకలు మీద కూడా పడేది, వెనక్కి తిప్పితే వేలికి గింజలా తగిలేది. ఆమె మాత్రం ఆయన లేచి వెళ్ళాక, కార్బను వేరు చేశాక, అసలు మీద పెట్టేది. కాబట్టి ఆమె చుక్కలు నకళ్ళ మీద లేవు. కానీ పని జరిగిందని కబురొచ్చినప్పుడు ప్రతి నకలు అంచునా ఎర్ర పెన్సిలుతో 'అయింది' అని రాసిందీ ఆమే. చుక్క లేదు, పని అయింది. చదవడం వచ్చినవాడెవడైనా రెండు నకళ్ళు పక్కపక్కన పెట్టుకుంటే చాలు.

ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెరట్లో డ్రైవరు పాత పత్రికలు తగలబెడుతున్నాడు. పొగ కిటికీలోంచి వస్తోంది. లేచి పది అడుగులు వేస్తే మంట. అయినా లేవలేదు.

ఆ మధ్యాహ్నం చెయ్యి వ్యాయామానికి పెద్దాయన్ని డ్రైవరు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. పోయినేడు నుంచి ఆయన కుడిచెయ్యి ఆయన మాట వినడం మానేసింది. వాళ్ళటు వెళ్ళగానే గేటు చప్పుడైంది.

వచ్చినావిడ నెరిసిన జుట్టు బిగించి దువ్వుకుంది. చేతిలో గుడ్డసంచి. చెప్పులు వరండా మెట్టు దగ్గర విడిచి, రెండూ సమానంగా జరిపిపెట్టింది. ఆ జరపడం చూసి ఈవిడ పంతులమ్మ అయి ఉంటుందనుకుంది టైపమ్మ. నిజమే.

"పోయిన నెలే రిటైరయ్యానండి. పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తున్నారని పేపర్లో చూశాను. ఒకసారి కలిసి, ఇది తిరిగిచ్చేసి వెళ్దామని," అంది.

సంచిలోంచి ప్లాస్టిక్కు కవరు తీసింది. లోపల ఒక ఉత్తరం. మడతల దగ్గర వెనక తెల్ల కాగితం అంటించి ఉంది. పైన బంగారు ముద్ర. కింద సంతకం. సంతకం తోక కింద ఏమీ లేదు.

టైపమ్మ చూపు తేదీ మీద పడింది. పంతొమ్మిదేళ్ళ కిందటిది.

"అసలు కాగితమేనే! ఆఫీసులో ఇచ్చెయ్యలేదూ?"

"ఇచ్చాను. తిరిగొచ్చింది." ఆవిడ కవరు మళ్ళీ సంచిలో పెట్టుకుంది. "ఆయన ఎప్పుడొస్తారు?"

"సాయంత్రమవుతుంది."

"అయితే శుక్రవారం వస్తాను. ఆ రోజు పింఛను ఆఫీసులో ఎలాగూ పనుంది. మీరు అప్పుడు కూడా ఇక్కడే ఉన్నారు కదూ? నాకు మంచినీళ్ళిచ్చారు. ఆ మూల బల్ల మీద కూర్చోబెట్టి."

"ఎందరికో ఇచ్చాను, గుర్తులేదమ్మా," అంది టైపమ్మ. అబద్ధం.

గేటు దాకా వెళ్ళింది. గొడుగుందా అని అడగడం మర్చిపోయింది.

లోపలికొచ్చి ఆ ఏడాది ఫైలు తీసింది. వెతకాల్సిన పని కూడా లేదు, వేళ్ళకు తెలుసు. ఒకే తేదీన రెండు నకళ్ళు. రెండూ బడిపంతులమ్మల బదిలీలే. రెండూ ఒకే ఊరికి. ఆ ఊరి బళ్ళో ఖాళీ ఒక్కటే. ఒకదాని అంచున ఏమీ లేదు. రెండోదాని అంచున ఎర్రగా 'అయింది'. ఆ రెండోది తన చెల్లెలిది.

ఆ రోజు ఈవిడ ముందొచ్చింది. భర్తా, ఏడాదిన్నర పిల్లాడూ అక్కడ, తను ఇక్కడ అని చెప్పి, ఏడవకుండా గ్లాసు అంచు వేలితో తుడుస్తూ కూర్చుంది. టైపమ్మ ఆ వారం చుక్క ఆవిడకే అనుకుంది. సాయంత్రం చెల్లెలొచ్చింది. "అక్కా, నువ్వు ఇంత పెద్ద చోట ఉండి కూడా నా గతి ఇంతేనా?" అంది. వారానికి చుక్క ఒక్కటే. ఆమె చేత్తో ఆమె పెట్టుకున్న కట్టడి.

గురువారమంతా ఆమె చేతిలో పని సాగలేదు. కట్టిన కట్టే విప్పింది, విప్పిన కట్టే కట్టింది. "తాడు మీద ఏమైనా పగ పట్టారా?" అన్నాడు డ్రైవరు. టీ తెచ్చి పక్కన పెట్టి పోయాడు. అది చల్లారిపోయింది.

నాలుగు గంటలకు పెద్దాయన వరండాలో కుర్చీలో కూర్చుని రబ్బరు బంతి నొక్కుతున్నాడు. డాక్టరు రోజుకు వందసార్లు నొక్కమన్నాడు. నలభై దగ్గర ఆయనకు విసుగొస్తుంది. ఆమె ఫైలు గుండెలకు పెట్టుకుని వచ్చి నిలబడింది.

"కూర్చో అమ్మాయ్. ఎందుకలా ఉన్నావు? లైబ్రరీ వాళ్ళు నిన్ను కూడా బీరువాలో పెడతామన్నారా?"

ఆమె నవ్వలేదు. "సార్, ఒక మాట చెప్పాలి. చెప్పాక మీరు నన్ను పొమ్మన్నా పోతాను."

"ఎక్కడికి పొమ్మంటాను? నాకే చోటు లేదు."

ఆమె చెప్పింది. నిలబడే చెప్పింది. ముసలాయన ఏడుపు నుంచి మొదలుపెట్టి, వారానికొకటి అని, నకళ్ళ మీద ఉండదని, ఎర్ర పెన్సిలు సంగతి. చెల్లెలి దగ్గరికొచ్చేసరికి ఫైలు చేతులు మార్చుకుంది. అదీ చెప్పింది.

పెద్దాయన బంతి నొక్కడం ఆపాడు. గేటు పక్క, తన పలక ఊడదీసిన గోడ వైపు చూశాడు.

"నాకు తెలుసు," అన్నాడు.

"ఏది సార్?"

"నువ్వు చుక్కలు పెట్టడం. నేను చుక్క పెట్టనివాళ్ళు కూడా పని జరిగిందని చెప్పడానికి రావడం మొదలెట్టారు. నా చేతులు పట్టుకుని ఏడ్చేవాళ్ళు. నాకేమో ఇతనికి నేను పెట్టలేదే అని గుర్తు. రెండుసార్లయ్యాక అర్థమైంది. నువ్వు కాక ఇంకెవరు?"

"మరి నన్నెందుకు తిట్టలేదు?"

"బాగుండేది," అన్నాడు ఆయన, పిల్లాడిలా. "నేను చెయ్యని మంచికి జనం నా చేతులు పట్టుకుంటుంటే బాగుండేది. రాజకీయంలో మామూలుగా చెయ్యని చెడ్డకి తిట్లు పడతాయి. ఇది కొత్తగా అనిపించింది." బంతి ఒళ్ళో పెట్టుకుని అన్నాడు, "మంత్రినయ్యాక బదిలీల మీద చుక్క పెట్టడమే మానేశాను. నువ్వు గమనించలేదూ? ఎవరికి పెట్టాలో, ఎవరికి మానాలో తేల్చుకోలేక చచ్చేవాణ్ణి. వాళ్ళ దగ్గర కూర్చునేది నువ్వు, నీళ్ళిచ్చేది నువ్వు. నీకే తెలుస్తుందని నీకు వదిలేశాను."

ఆమె ఫైలు తెరిచింది. ఆ ఏడాది బదిలీ నకళ్ళు ఒకటి, పది, ముప్పై తిప్పింది. ఒక్కదాని మీదా గింజలా తగిలే చుక్క లేదు. మంత్రి అయ్యాక ఆయన మనసు రాయైపోయిందని అప్పట్లో ఆమె ఇంటికెళ్ళి బాధపడేది.

"నాకు చెప్పొచ్చు కదా సార్."

"చెబితే నేను చెయ్యమన్నట్టవుతుంది. చెప్పకపోతే నువ్వు చేసినట్టు," అన్నాడు. ఆ మాట ఆయనకే నచ్చలేదు. మొహం పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత, గుర్తొచ్చినట్టు అడిగాడు. "వారానికి ఒక్కటేనా పెట్టింది?"

"ఒక్కటే."

"నేను నాలుగైదు పెడుతున్నావనుకున్నానే!"

బంతి ఆయన ఒళ్ళోంచి జారి, వరండా మెట్లు ఒక్కొక్కటే దిగి, గేటు దాకా దొర్లి ఆగింది. ఎవరూ లేవలేదు. వారానికి నాలుగు చొప్పున పడని చుక్కలతో, ఆయన మంత్రిగా ఉన్న ఏళ్ళన్నీ ఆమె తలలో గిరగిర తిరిగాయి. ఆయన చెయ్యి ఎత్తేశాడు, ఆమె చెయ్యి భయపడింది. ఆ రెండు చేతుల మధ్య నుంచి ఎంతమంది జారిపోయారో.

"రేపు ఆ పంతులమ్మగారు వస్తుంది సార్."

"రానీ," అన్నాడు పెద్దాయన. "నేను మాట్లాడతాను. నువ్వు లోపలుండు."

శుక్రవారం పదకొండు గంటలకు పంతులమ్మ వచ్చింది. చెప్పులు జరిపిపెట్టింది. పెద్దాయన ఎడమచేత్తో నమస్కారం లాంటిది చేసి, ఎదురు కుర్చీ చూపించాడు. టైపమ్మ లోపలుండలేదు. తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడింది.

ఆవిడ కవరు తీసి ఆయన ఒళ్ళో పెట్టింది.

"పంతొమ్మిదేళ్ళ కిందట మీరిచ్చారు. దీన్ని పట్టుకెళ్ళి ఆఫీసులో ఇస్తే అక్కడి గుమాస్తా చూసి నవ్వాడు. 'అమ్మా, దీనికి చుక్క లేదు, ఇంటికి పట్టుకెళ్ళి పటం కట్టించుకో,' అన్నాడు. చుక్క అంటే ఏమిటని అడిగాను. పాపం, మంచివాడే, అంతా చెప్పాడు. చెప్పి, గొంతు తగ్గించి, 'బయటికెళ్ళి నువ్వే పెట్టుకురా, నేను చూడలేదనుకుంటాను,' అన్నాడు."

టైపమ్మ ఆవిడ మొహంలోకి చూసింది. ఈవిడకు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు.

"స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాను," అంది పంతులమ్మ. "పెన్ను తీశాను. మూత కూడా తీశాను. ఎంతండీ, ఒక్క చుక్క! దోమ వాలినంత. రైలొచ్చింది, వెళ్ళిపోయింది. రెండో రైలు కూడా వెళ్ళిపోయింది. పొద్దున లేస్తే పిల్లలకి పక్కవాడిది చూసి రాయొద్దని చెప్పే నోరు కదా. చెయ్యి రాలేదు. మూత పెట్టేశాను. ఈ సంగతి మా ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు. చెబితే, ఎందుకు పెట్టలేదూ అని అడుగుతాడు కదా."

"తర్వాత బదిలీ..." అన్నాడు పెద్దాయన.

"రాలేదండి. శనివారం సాయంత్రం రైలెక్కేదాన్ని, సోమవారం తెల్లవారకముందే తిరుగు రైలు. మా వాడు చిన్నప్పుడు నన్ను 'ఆదివారం అమ్మ' అనేవాడు. వాళ్ళ నాన్నమ్మ రోజూ అమ్మ, నేను ఆదివారం అమ్మ." ఆవిడ నవ్వింది. ఆ నవ్వు ఎన్నోసార్లు చెప్పి అరిగిపోయిన నవ్వు. "నేను తిట్టడానికి రాలేదు. ఒక్కటే అడిగి పోదామని. ఆ రోజే ఇంకొకావిడకి చుక్క పడిందని గుమాస్తా తర్వాత చెప్పాడు. అదే ఊరికి. ఆవిడలో ఏం చూశారు, నాలో ఏం తక్కువ కనిపించింది? బాగా ఏడవలేదనా?"

పెద్దాయన ఉత్తరం వైపు చూశాడు. సభలో ఎంతమంది అరిచినా తడబడని మనిషి, గొంతు సవరించుకోవడానికి రెండుసార్లు ప్రయత్నించాడు.

"తప్పు నాదేనమ్మా. నేనే పెట్టలేదు. ఆ రోజు సరిగా చూడలేదు. నీలో తక్కువేమీ లేదు."

అంతే. అక్కడితో అయిపోయేది. ఆవిడ తల ఊపేది, లేచి వెళ్ళిపోయేది. రేపు ఫైళ్ళు లైబ్రరీకి పోయేవి. గోడకానుకున్న టైపమ్మకు ఒక్క క్షణం ఆ దారి తెరిచిన గేటులా కనిపించింది. పెద్దాయన ఆమె వైపు చూడను కూడా లేదు. జీవితంలో మొదటిసారి ఒకరికి నిజంగా ఏదో చేసిపెడుతున్నానన్న ధీమాతో కూర్చున్నాడు.

"కాదు," అంది టైపమ్మ. "ఆయన కాదు. నేను."

గోడ వదిలి ముందుకొచ్చింది. కూర్చోవాలనిపించింది గానీ కూర్చోలేదు. "ఆ వారం చుక్క పెట్టింది నేను. మీకే పెడదామనుకున్నాను. సాయంత్రం మా చెల్లెలొచ్చింది. దానికి పెట్టేశాను. మీరు ముందొచ్చారు. మీకు నీళ్ళిచ్చింది గుర్తుంది నాకు. మొన్న గుర్తులేదని అబద్ధం చెప్పాను."

పంతులమ్మ ఆమెను చూస్తూ ఉండిపోయింది. వీధిలో ఏదో లారీ వెనక్కి నడుస్తూ పీప్ పీప్‌మని అరిచింది.

"మీ చెల్లెలు," అంది పంతులమ్మ నెమ్మదిగా, "ఒకటో తరగతికి చెప్పేదా? ఎడమచేత్తో సుద్దముక్క పట్టుకుంటుంది?"

"అవును."

"మా వాడికి అక్షరాలు నేర్పింది ఆవిడే."

టైపమ్మ పెద్దాయన కుర్చీ వీపు మీద చెయ్యి వేసింది.

"నేను చెప్పాల్సిన క్లాసులో వాడు కూర్చున్నాడు, అంతే. ఆవిడ చెప్పింది." పంతులమ్మ సంచి పట్టీ వేలికి చుట్టుకుని విప్పింది. "బాగా చెప్పింది. వాడి చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. ఆదివారాల్లో నాకు పలక తెచ్చి చూపించేవాడు. తప్పులు దిద్దుదామని చూసేదాన్ని. ఉండేవి కావు."

"అమ్మా," అన్నాడు పెద్దాయన. ఉత్తరం ఒళ్ళో సర్దుకున్నాడు.

"వాళ్ళిద్దరూ కలిసున్నారా? మీ చెల్లెలూ, వాళ్ళాయనా?" అని అడిగింది పంతులమ్మ.

"ఉన్నారు," అంది టైపమ్మ. "రోజూ పోట్లాడుకుంటారు. కూర దగ్గర మొదలవుతుంది, ఎక్కడికో పోతుంది. ఫోను చేసి ఇద్దరూ నాకే చెబుతారు."

పంతులమ్మ ఈసారి నిజంగా నవ్వింది. "అదృష్టవంతులు. మాకు పోట్లాడుకోవడం చేతకాలేదండి. ఉన్నది ఒక్క ఆదివారం, దానికి టైమెక్కడ? ఇప్పుడు ఇంటికొచ్చేశానా, పొద్దున లేచి ఆయన ఒక్క గ్లాసు టీ పెట్టుకుంటాడు. అలవాటు. సగం తాగాక నేనున్నానని గుర్తొస్తుంది. సిగ్గుపడి మళ్ళీ గిన్నె పెడతాడు. నిన్న మాత్రం నేనే అన్నాను, ఏమయ్యా, నన్ను మనిషిననుకున్నావా, గోడననుకున్నావా అని. ఆయన కూడా గట్టిగానే అన్నాడు. మొదలెట్టాం. నేర్చుకుంటాం."

ఆవిడ లేచింది. ఉత్తరం ఇంకా పెద్దాయన ఒళ్ళోనే ఉంది. ఆయన ఎడమచేత్తో దాన్ని పైకెత్తి, "అమ్మాయ్, పెన్నివ్వు," అన్నాడు. ఆ మాటలో ఉద్దేశం ముగ్గురికీ అర్థమైంది.

"వద్దండి," అంది పంతులమ్మ. "పెట్టనిది పెట్టనట్టే ఉండనివ్వండి. నేనంత కష్టపడి పెట్టకుండా ఉంచాను."

గేటు దాకా టైపమ్మ తోడు వెళ్ళింది. గేటు దాటి, మలుపు దాటి, బస్సు ఆగేచోటు దాకా వెళ్ళింది. క్షమించానని ఆవిడ అనలేదు, క్షమించమని ఈమె అడగలేదు. ఎండ చురుక్కుమంటోంది. బస్సు వచ్చింది. పంతులమ్మ మెట్టెక్కి, కడ్డీ పట్టుకుని వెనక్కి తిరిగింది.

"గొడుగు తెచ్చుకోలేదా?" అంది టైపమ్మ.

"తెచ్చుకోలేదు. ఆదివారం మీ చెల్లెలింటికి వస్తే చెప్పండి. మా ఇల్లు ఆ వెనక వీధే," అంది పంతులమ్మ. బస్సు కదిలింది. టైపమ్మ దుమ్ము అణిగేదాకా అక్కడే నిలబడింది.

శనివారం లైబ్రరీ ఆయన పెట్టెలతో వచ్చాడు. కళ్ళజోడు ముక్కు మీదికి జారిన సన్నటి మనిషి. ప్రతి ఫైలూ అందుకుని, వీపు తడిమి, పెట్టెలో నిలువుగా పెడుతున్నాడు. పెద్దాయన వరండాలో కూర్చుని వందసార్ల బంతిలో యాభై దాటాడు. డ్రైవరు లెక్క పెడుతూ మధ్యలో కావాలనే తప్పుతున్నాడు.

"ఇందులో బయటికి పోకూడనివి ఏమైనా ఉన్నాయా అమ్మా? ఇంటివాళ్ళ ఉత్తరాలూ అవీ? ఉంటే తీసేసుకోండి," అన్నాడు లైబ్రరీ ఆయన.

"ఏమీ లేవు," అంది టైపమ్మ. "ఈ ఒక్క ఫైలు ఆఖరున ఇస్తాను. చిన్న పనుంది."

బల్ల ముందు కూర్చుంది. పంతులమ్మ వదిలిన ఉత్తరాన్ని దాని నకలుకు జతచేసి గుచ్చింది. చెల్లెలి నకలు పైకి తీసింది. సంతకం తోక కింద ఖాళీ. అంచున ఎర్రగా 'అయింది'. పెన్ను మూత తీసింది.

ఎర్ర మాట కింద రాసింది: 'దీని అసలు మీద చుక్క పెట్టింది నేను. ఆయన కాదు.' ఆ ఇంటి కాగితాల మీద వేలసార్లు ఒకరి పేరు టైపు కొట్టిన చేత్తో, మొదటిసారి తన పూర్తి పేరు రాసి సంతకం చేసింది. రాయక చాలాకాలమైన పేరు, మధ్యలో ఒక అక్షరం దగ్గర ఆలోచించాల్సొచ్చింది. తర్వాత సంతకం తోక కింద చుక్క పెట్టింది. ఈసారి గట్టిగా నొక్కింది.

కాగితం తిప్పి వెనకవైపు వేలితో తడిమింది. తగిలింది.